మాట ఖిల్లా దాటె, కాలు గడప దాటదాయె

మెదక్‌లో వాలంటీర్ల కొరత ఉందని ఎవరైనా అంటే నమ్మకండి. కావాలంటే ఏ కాలేజీ వాట్సాప్ గ్రూపులోనైనా 'రేపు సేవా కార్యక్రమం, ఎవరెవరు వస్తరు?' అని అడిగి చూడండి. మెసేజీ చదవడం పూర్తి కాకముందే బొటనవేళ్లు వరుసగా లేస్తాయి. 'ష్యూర్ సార్', 'పక్కా సార్', 'ఆన్ ది వే సార్'. ఇంకా చోటు చెప్పలేదు, టైం చెప్పలేదు, అప్పుడే ఒకడు దారిలో ఉన్నాడు! కొరత మర్నాడు పొద్దున ఏడు గంటలకు గానీ మొదలు కాదు.

ఏడింటికి మొక్కలొస్తాయి, గడ్డపారలొస్తాయి, బ్యానరొస్తుంది, బ్యానర్ కట్టడానికి సుతిలి తాడొస్తుంది, ఉప్మా డబ్బా వస్తుంది. మనుషులు తప్ప అన్నీ టైముకే వస్తాయి. ఎనిమిదిన్నరకు ఉప్మా వాసన పట్టుకుని కొందరు, తొమ్మిదింటికి ఫొటోగ్రాఫర్ వెనకాల మరికొందరు చేరతారు. ఒక్క వేప మొక్క చుట్టూ పన్నెండు మంది నిలబడి, పద్దెనిమిది చేతులతో దాన్ని పట్టుకుంటారు. మిగతా ఆరు చేతుల్లో ఫోన్లుంటాయి. అంత బలగం మధ్య నుంచి ఆ మొక్క పారిపోయే ప్రశ్నే లేదు. తొమ్మిదిన్నరకు మైదానంలో మిగిలేవి గడ్డపారలూ, ముఖ్యఅతిథి కుర్చీ, ఆ మొక్కా.

మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవని సామెత. ఖిల్లా ఉన్న ఊరు కాబట్టి ఆ సామెతను కొలిచి చూసుకునే వసతి కూడా మాకుంది.

ఈ కథానాయకుణ్ని సేవారత్న అని పిలుద్దాం. అసలు పేరు అక్కర్లేదు. ప్రతి కాలేజీలో ఒకడుంటాడు, కొన్నిచోట్ల ఒకామె ఉంటుంది. సేవారత్న జాతీయ సేవా పథకం, అంటే ఎన్ఎస్ఎస్‌లో ఉన్నాడు. రెడ్ రిబ్బన్ క్లబ్బులో ఉన్నాడు. ఎకో క్లబ్బులో, ఎలక్టోరల్ లిటరసీ క్లబ్బులో, యాంటీ డ్రగ్ కమిటీలో, రక్తదాతల జాబితాలో, ఊరి యువజన సంఘంలో, వాడకట్టు గణేశ్ మండపం కమిటీలో ఉన్నాడు. చివరిదాంట్లో మాత్రం నిజంగానే ఉన్నాడు. తొమ్మిది రాత్రులూ మండపం దగ్గరే పడుకున్నాడు. ఎందుకంటే అక్కడ రాకపోతే వాడకట్టంతా పేరు పెట్టి అడుగుతుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

అతని ఛాతీ మీద ఎన్ఎస్ఎస్ బ్యాడ్జి మెరుస్తుంటుంది. అందులోనిది కోణార్క సూర్యదేవాలయపు రథచక్రం. ఎనిమిది ఆకులు రోజులోని 24 గంటలకు గుర్తు. ఇది పెట్టుకున్నవాడు ఏ ఝామున పిలిచినా సేవకు సిద్ధమని దాని అర్థం. సేవారత్నకు ఫోన్ చేసి చూడండి. ఎనిమిది ఝాముల్లో ఏడు ఝాములూ స్విచ్చాఫ్, ఎనిమిదో ఝాములో మీరు ప్రయత్నిస్తున్న వ్యక్తి మరో కాల్‌లో ఉంటాడు. 'నేను కాదు, నీవు' అన్నది ఈ పథకం ఆదర్శ వాక్యం. దాన్ని మాత్రం తు.చ. తప్పకుండా పాటిస్తాడు: గుంత తవ్వేది నేను కాదు, నీవు.

ఈ పథకం ఆషామాషీగా పుట్టింది కాదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సర్వేపల్లి రాధాకృష్ణన్ నాయకత్వంలోని విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, విద్యార్థులు స్వచ్ఛందంగా దేశసేవ చేస్తే బాగుంటుందంది. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ కమిటీకి ఆ 'స్వచ్ఛందం' మీద అంత నమ్మకం కుదిరినట్టు లేదు. హైస్కూలు దాటి కాలేజీలో చేరబోయే ప్రతివాడూ తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా సేవ చేసి తీరాల్సిందేనంది. అయ్యే ఖర్చు చూసి సర్కారు వెనక్కి తగ్గింది. తర్వాత కె.జి. సయ్యదైన్ పరదేశాల పద్ధతులన్నీ పరిశీలించి, ఇష్టమున్నవాళ్లతోనే చేయించండి అన్నారు. ఆఖరికి గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబర్ 24న, కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మందితో దీన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు దేశం మొత్తంమీద 40 లక్షల దాకా ఉన్నారని లెక్క చెబుతారు. నిర్బంధమా, స్వచ్ఛందమా అని అంత పెద్దలు అన్నేళ్లు తర్జనభర్జన పడితే, మన కాలేజీలు ఒక్క సర్క్యులర్‌తో తేల్చి పారేశాయి: 'రేపటి ర్యాలీలో విద్యార్థులందరూ స్వచ్ఛందంగా పాల్గొనవలెను. రానివారికి హాజరు వేయబడదు.'

ఇక ఈ మహాభారమెంతో చూద్దాం. ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకు 240. వారానికి పంచితే రెండు గంటల ఇరవై నిమిషాలు. ఈ మధ్య తెలుగు సినిమాలే అంతకంటే పొడుగ్గా వస్తున్నాయి. ఆ 120లో 20 గంటలు శిక్షణ, 30 గంటలు కాలేజీ ఆవరణలో పని, 70 గంటలు జనం మధ్య. ఆ 70 గంటలు ఎక్కడికి పోయాయని మాత్రం అడగకండి. రికార్డు బుక్కులో భద్రంగా ఉన్నాయి. ఒకే పెన్నుతో, ఒకే రాతతో, సంతకానికి ముందు రోజు రాత్రి పుట్టిన గంటలవి. కొన్ని బుక్కుల్లో అక్షరదోషాలు కూడా ఒకేచోట ఉంటాయి. పరీక్షలో చూచిరాత రాస్తే డిబార్ చేస్తారు, సేవలో చూచిరాత రాస్తే సర్టిఫికెట్ ఇస్తారు.

మన సేవ పంచాంగం చూసి నడుస్తుంది. జనవరి 12 యువజన దినం, 25 ఓటర్ల దినం. జూన్ 5 పర్యావరణం, 14 రక్తదాతలు, 21 యోగా, 26 మత్తుమందులకు వ్యతిరేకం. సెప్టెంబర్ 24 మన పుట్టినరోజే. అక్టోబర్ 2 చీపుర్లు, 31 ఐక్యతా పరుగు. నవంబర్ 26 రాజ్యాంగం, డిసెంబర్ 1 ఎయిడ్స్, 5 సాక్షాత్తూ వాలంటీర్ల దినం. దినానికో ప్రతిజ్ఞ. కుడిచెయ్యి ముందుకు చాచి, సార్ చెప్పిన ముక్కను చెప్పినట్టు పలికి, చెయ్యి దించేలోపు మర్చిపోవడం. ఓటేస్తామని, చెట్లు పెంచుతామని, చెత్త వేయమని, మత్తు ముట్టమని ఏడాదిలో ఇన్ని ప్రమాణాలు చేసినవాడు ఇతిహాసాల్లో కూడా లేడు. భీష్ముడు ఒక్క ప్రతిజ్ఞ చేసి జీవితాంతం నలిగిపోయాడు పాపం. ఆయనకు క్యాలెండర్ లేకపోయింది.

జూన్ 5న నాటిన మొక్కకు జూన్ 6 ఉండదు. వానలు మన దాకా వచ్చేసరికి మామూలుగా జూన్ రెండో వారం. ఈలోపు దానికి నీళ్లు పోసే దినోత్సవం ఏ పంచాంగంలోనూ లేదు. 2015లో హరితహారం పెట్టినప్పుడు రాష్ట్రమంతటా 230 కోట్ల మొక్కల లక్ష్యం అన్నారు. 2024లో దాని పేరు వనమహోత్సవం అయింది. కార్యక్రమం పేరు మారినా కొన్నిచోట్ల గుంత మారలేదు. నిరుడు తవ్విన గుంతలోనే ఈ ఏడు కూడా నాటుకోవచ్చు, ఎలాగూ ఖాళీగానే ఉంది. గడ్డపార పనీ తప్పింది.

'పాపం, పిల్లలకు తీరికెక్కడిదండీ' అని మీరంటారు. నిజమే, ఆ మాట కొట్టిపారేయలేం. మా పిల్లలు హైదరాబాద్ హాస్టళ్లలో ఉండి నడిచి కాలేజీకి పోయేవాళ్లు కారు. టేక్మాల్ నుంచి, పాపన్నపేట నుంచి, కుల్చారం నుంచి, చిన్నశంకరంపేట నుంచి ఆర్టీసీ బస్సు పట్టుకుని వస్తారు. బస్సు తప్పితే మొదటి రెండు పీరియడ్లు తప్పినట్టే. సాయంత్రం క్లాసు తర్వాత సేవంటే, చివరి బస్సు పోతే ఎట్లా అని ఆడపిల్లల ఇళ్లలో ఫోన్ల మీద ఫోన్లు. ఇంటర్నల్స్, అసైన్‌మెంట్లు, ప్రాక్టికల్ రికార్డులు, సెమిస్టర్ పరీక్షలు ఒకదాని తోక పట్టుకుని ఒకటి వస్తుంటాయి. నాట్లప్పుడు పొలంలో నాయనకు చెయ్యి కావాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే కాలేజీ వాళ్లు పిల్లల మొహం చూస్తారు. అందుకే కొందరు తూప్రాన్, మనోహరాబాద్ వైపు ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టు చేసి, పొద్దున క్లాసులో కళ్లు తెరిచి నిద్రపోయే విద్య నేర్చుకున్నారు. ఇన్ని మోసేవాణ్ని పట్టుకుని 'దేశం కోసం రెండు గంటలు ఇవ్వలేవా' అని ఏసీ గదిలోంచి గద్దించే పెద్దలను చూస్తే నాకు సేవారత్న మీదే ప్రేమ పుట్టుకొస్తుంది.

కానీ ఆ ప్రేమ పెళ్లిళ్ల సీజన్ దాకానే నిలుస్తుంది. ముహూర్తాలు మొదలు కాగానే ఇదే సేవారత్న క్యాటరింగ్‌కు పోతాడు. పొద్దున నాలుగింటికి ఫంక్షన్ హాల్లో ఉండాలంటే మూడున్నరకే ఉంటాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేసి, నల్లప్యాంటు వేసి, బూట్లు తుడుచుకుని మరీ ఉంటాడు. సేవకు ఏడింటికి రమ్మంటే తొమ్మిది, క్యాటరింగ్ అన్న నాలుగింటికి రమ్మంటే మూడున్నర. ఒకే మనిషి, ఒకే ఫోను, ఒకే అలారం. సేవ రోజున పంచరైన బండి ఇప్పుడు పంచర్ కాదు. అప్పుడు జ్వరమొచ్చిన ఒళ్లు ఇప్పుడు మూడంతస్తుల మెట్ల మీద బిర్యానీ డేక్సా మోస్తుంది.

కడుపు కోసం పోయేవాణ్ని వేలెత్తి చూపే హక్కు నాకు లేదు. పోవాలి కూడా. కానీ వాడే నాకొక రహస్యం విప్పి చెప్పాడు: టైం లేకపోవడానికీ, మాట నిలబెట్టుకోకపోవడానికీ చుట్టరికమే లేదు. రాకపోతే ఏమవుతుందన్నదొక్కటే లెక్క. క్యాటరింగ్‌లో రాకపోతే ఆ రోజు కూలి పోతుంది, మరోసారి పిలుపు రాదు. గణేశ్ మండపంలో రాకపోతే ఇజ్జత్ పోతుంది. సేవలో రాకపోతే? ఏమీ పోదు. పోయేది ఇంకొకరిది.

ఆ ఇంకొకరు ఎవరో చూడండి. సర్కారు బడిలో ఏడో తరగతి పిల్లలు. 'ప్రతి శనివారం వచ్చి ఇంగ్లిష్ గ్రామర్ నేర్పుతం' అని కాలేజీ అన్నలూ అక్కలూ వచ్చి, చాక్లెట్లు పంచి, పిల్లలను ముందు కూర్చోబెట్టి సెల్ఫీ దిగి పోయారు. మొదటి శనివారం ప్రెజెంట్ టెన్స్ అయింది. రెండో శనివారం సగం మందే వచ్చారు, పాస్ట్ టెన్స్ అయింది. ఫ్యూచర్ టెన్స్ చెబుతామన్న శనివారం ఎవరూ రాలేదు. పిల్లలు మాత్రం వచ్చారు, తల దువ్వుకుని, నోట్‌బుక్కులో హెడ్డింగ్ కూడా రాసుకుని. వాళ్ల హెడ్మాస్టరు ఎవరిని అడగాలి? పిల్లలు ఎవరి హాజరు కోయాలి?

ఆసరా పింఛన్‌లో పేరు తప్పు పడిందని, సరిచేయించి తెస్తానని ఆధార్ జిరాక్స్ తీసుకుపోయిన పిల్లగాడి కోసం ఒక అవ్వ అరుగు మీద కూర్చుని ఉంటుంది. దారిన పోయే ప్రతి జీన్స్ ప్యాంటునూ ఆపి అడుగుతుంది. "బిడ్డా, గా సన్నపు పిలగాడు ఎప్పుడొస్తడు? సోమారం వస్తనన్నడు." ఏ సోమవారమో ఆమె అడగలేదు, వాడు చెప్పలేదు. అవ్వకు ఇంటర్నల్ మార్కులు వేసే అధికారం ఉండి ఉంటే, అవ్వ కుక్క మొరిగితే కూడా సేవారత్న 'వస్తున్నా అవ్వా' అని పరుగెత్తేవాడు.

అన్నిటికంటే ముదిరింది రక్తదాతల జాబితా జబ్బు. అక్టోబర్ 1న, స్వచ్ఛంద రక్తదాన దినం నాడు, పేర్లు రాయించుకోవడానికి పెద్ద లైను కడతారు. పద్దెనిమిదేళ్లు నిండి, 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉంటే చాలు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. పేరు, గ్రూపు, ఫోన్ నంబర్ రాశాక స్టేటస్‌లో ఎర్ర చుక్క బొమ్మ, కింద 'ప్రాణదాత'. తర్వాత ఒక రాత్రి నిజంగానే ఫోను మోగుతుంది. తలసీమియా ఉన్న పిల్లకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. సెమిస్టర్ అయ్యేదాకా ఆగమంటే ఆ పిల్ల ఒంట్లోని రక్తానికి అర్థం కాదు. డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్లు కావాలంటారు. అవి తీసి పెట్టినా అయిదు రోజులకు మించి నిలవ ఉండవు. ఆసుపత్రి వరండాలోంచి తండ్రి ఒక్కో నంబరు కొడుతుంటాడు. "తమ్మీ, నీ నంబరు లిస్టుల ఉంది..." అవతల నుంచి "అన్నా, నేను హైదరాబాద్‌ల ఉన్న." ఇంకొకడు, "మా అమ్మ వద్దంటుందన్నా." ఇంకొకడి నంబరు ఇప్పుడు నిజామాబాద్‌లో ఎవరిదో. మరొకడు ఎత్తడే ఎత్తడు, మర్నాడు స్టేటస్‌లో మాత్రం 'అర్జంట్, ఓ పాజిటివ్ కావలెను' అని అదే తండ్రి నంబరు పెడతాడు. ఇదొక కొత్త తరహా దానం: తన రక్తం తప్ప అందరి రక్తమూ ఇప్పిస్తాడు. కొందరి ఫోన్లలో ఆసుపత్రి నంబరు స్పామ్ అని నమోదై ఉంటుందని విన్నాను. వినడానికి నవ్వొచ్చింది గానీ, ఆ వరండాలో నవ్వేవాళ్లెవరూ ఉండరు.

ఒంట్లో బాగాలేక, రక్తం తక్కువై ఇవ్వలేనివాళ్ల గురించి కాదు నేననేది. ఇవ్వలేనని ముందు చెప్పనివాళ్ల గురించి. అసలు 'రాను' అనే రెండక్షరాలు మన పిల్లలకు ఎవరు నేర్పారు గనక? సార్ మొహం మీద 'రాను సార్' అన్నవాడు పొగరుబోతు. 'తప్పకుండా వస్తా సార్' అని రానివాడు మర్యాదస్తుడు. ఇంటర్నల్ మార్కులు సార్ చేతిలో ఉన్నంతకాలం మర్యాదస్తులే పుడతారు.

మరి ఆ సార్ సంగతి? ఎన్ఎస్ఎస్ చూసే ప్రోగ్రాం ఆఫీసర్ సార్ కూడా మన మేనమామే. పాఠాలు చెప్పాలి, పేపర్లు దిద్దాలి, ఎలక్షన్ డ్యూటీ చేయాలి, అడ్మిషన్లకు ఊళ్లు తిరగాలి. దాని మీద ఈ సేవొకటి. కాలేజీలకు గ్రేడు వేసే న్యాక్ బృందం వస్తుందంటే విస్తరణ కార్యక్రమాలకు రుజువులు కావాలి, జియోట్యాగ్ చేసిన ఫొటోలు కావాలి. ఆ ఫొటో కింద అక్షాంశం ఉంటుంది, రేఖాంశం ఉంటుంది, తేదీ ఉంటుంది, టైం ఉంటుంది. అక్కడ ఎంతసేపున్నారో మాత్రం ఉండదు. భూగోళం మీద ఫలానా బిందువు దగ్గర ఈ పిల్లలు ఒక క్షణం నిలబడిన మాట వాస్తవమని ఉపగ్రహం సాక్ష్యం చెబుతుంది. దానికి మించి ఫైలుకు అక్కర్లేదు.

దత్తత గ్రామం అని ఇంకో ముచ్చట ఉంది. ఊరిని దత్తత తీసుకుని ఏడు రోజుల క్యాంపు పెడతారు. మోరీలు తీస్తారు, ర్యాలీ తీస్తారు, రాత్రి సాంస్కృతిక కార్యక్రమాలు చేస్తారు. ఆ ఏడు రోజులూ నిజంగానే బాగుంటాయి. చీపురు పట్టని పిల్లలు చీపురు పడతారు, ఊరివాళ్లు ఇంటికి పిలిచి అన్నం పెడతారు, వెళ్లేటప్పుడు కళ్లనీళ్లు పెట్టుకుంటారు కూడా. ఎనిమిదో రోజు నుంచి దత్తత తీసుకున్న తల్లిదండ్రుల పత్తా ఉండదు. మరుసటేడు ఇంకో ఊరు దొరికితే ఇంకో దత్తత. పిల్లవాడు దొరికిన ప్రతిచోటా దత్తత తీసుకుని అక్కడే వదిలేసి వచ్చే వంశం ఇదొక్కటే.

పిల్లవాడు సార్‌కు లెక్క చెప్పుకోవాలి. సార్ యూనివర్సిటీకి, యూనివర్సిటీ హైదరాబాద్‌కు, హైదరాబాద్ ఢిల్లీకి. లెక్కలన్నీ మెట్లెక్కి పైకి పోతాయి. అవ్వ దగ్గరికి దిగివచ్చే లెక్క ఒక్కటీ లేదు.

మెదక్‌కు ఇదేం కొత్త కాదులెండి. దశాబ్దాల తరబడి జిల్లా పేరు మెదక్, జిల్లా కేంద్రం సంగారెడ్డి. 2016 అక్టోబర్ 11న జిల్లాలను విడగొట్టేదాకా పేరు ఇక్కడ, కలెక్టరు అక్కడ. రైలు కూడా అక్కన్నపేట దాకా వచ్చి, ఇంకో 17 కిలోమీటర్లు రావడానికి 2022 సెప్టెంబర్ దాకా ఆగింది. పేరు రాయించుకుని మనిషి రాకపోవడం మేం సర్కారు దగ్గరే నేర్చుకున్నామని మా పిల్లలు ఎదురు తిరిగితే, నా దగ్గర జవాబు లేదు.

జవాబు లేదు గానీ చర్చి ఉంది. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర 1914లో మొదలుపెట్టించిన కట్టడం 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరుపుకుంది. రాళ్లు మోసినవాళ్లు వాలంటీర్లేమీ కారు, కరువులో కడుపు నింపుకోవడానికి వచ్చిన బక్క జనం. వాళ్ల పేరు చెప్పి సేవా పాఠం బోధిస్తే పాపం తగులుతుంది. నేననేది ఒక్కటే: కడతానన్న మనిషి పదేళ్లు ఆ పని విడిచిపెట్టలేదు. ఆనాడు వాట్సాప్ ఉండి, కమిటీ వేసి, సేవారత్న ముత్తాతకు కన్వీనర్ పదవి కట్టబెట్టి ఉంటే, ఈనాడు మనం 175 అడుగుల గోపురానికి బదులు 1914 నాటి శంకుస్థాపన ఫొటో చూస్తుండేవాళ్లం. అందులో పద్దెనిమిది చేతులు ఒకే రాయిని పట్టుకుని ఉండేవి.

నిజంగా వచ్చిన వాలంటీరు ఏం చేయగలడో మన తెలుగునాటే ఒక ఉదాహరణ ఉంది. 1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. ఊరూరా చదువుకున్న యువతీయువకులు జీతం లేకుండా, పొద్దుగూకాక లాంతరు వెలుగులో కూలి తల్లులకు అక్షరాలు దిద్దించారు. అది ఒక పూట ఫొటో కాదు, నెలల తరబడి రాత్రుళ్లు. కూలి చేసి అలసిపోయిన ఆడవాళ్లు రాత్రి బడికి రావడమే గొప్ప. వాళ్లొచ్చాక పంతులు రాకపోతే రెండో రాత్రికి ఆ బడి ఉండేది కాదు. వచ్చారు కాబట్టే ఆ జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు చదువుకున్నారు, చదివింది మాట్లాడుకున్నారు, ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు జిల్లా దాటి ఉమ్మడి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ వాలంటీర్లలో ఎందరికి సర్టిఫికెట్లు వచ్చాయో నేను లెక్క తీయలేదు. తీయాలని కూడా అనిపించలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టు 15 నుంచి కొన్నేళ్లు నడిచిన గ్రామ వాలంటీర్ల ముచ్చట వేరు. నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం తీసుకునేవాణ్ని వాలంటీరంటారా అని అప్పట్లో చాలామంది నవ్వారు. ఆ రాజకీయంలోకి నేను దిగను. కానీ ఊళ్లలో దాదాపు యాభై ఇళ్లకు ఒకరు. ఒకటో తారీఖు పొద్దున పింఛన్ తేకపోతే యాభై గడపల్లోనూ పేరు పెట్టి అడిగేవాళ్లు. మన గణేశ్ మండపం సూత్రమే అది.

కాబట్టి అధికారులకు నాదొక ప్రతిపాదన. హాజరు రిజిస్టరు కాలేజీలో వద్దు. బడికి పోయే వాలంటీర్ల రిజిస్టరు ఏడో తరగతి లీడరు చేతికివ్వండి. ఆ పిల్ల 'ఆబ్సెంట్' అని రాసేటప్పుడు కనికరం చూపదు, స్పెల్లింగ్ తప్పు పోయినా పోనివ్వండి, అది మనవాళ్లు చెప్పని పాఠమే. పింఛన్ పనులకు పోయినవాళ్ల రికార్డు బుక్కు మీద అవ్వ వేలిముద్ర ఉండాలి. మొక్క నాటినవాడి గంటలు మొక్క నాటిన రోజు రాయొద్దు. రెండేళ్ల తర్వాత, సర్టిఫికెట్ రోజున, వాణ్ని ఆ గుంత దగ్గరికి తీసుకుపోయి, నీడ ఉంటే రాయండి. జియోట్యాగ్ అప్పుడు కొట్టండి. రక్తదాతల జాబితాను ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఆ తండ్రికి ఇచ్చి, ఎత్తిన నంబరుకు టిక్కు, ఎత్తని నంబరుకు గీత పెట్టమనండి. ఏడాది చివర ఆ గీతల కాగితాన్నే నోటీసు బోర్డు మీద అంటించండి.

ఈ ప్రతిపాదన ఎవరూ ఒప్పుకోరని నాకు తెలుసు. రిమార్కుల కాలంలో అవ్వ ఏం చెప్పి రాయిస్తుందోనని పైవాళ్లందరికీ భయం. పైగా ఈ లెక్కన సర్టిఫికెట్లు బాగా తగ్గిపోతాయి, న్యాక్ ఫైలు సన్నబడుతుంది. కాలేజీకి కేటాయించిన వాలంటీర్ల సంఖ్య నిండదు. పది మంది మిగులుతారేమో. ఆ పది మంది ఇప్పటికే మన మధ్య ఉన్నారు. గ్రూపులో బొటనవేలు ఎత్తరు, ఫొటోలో చివరన సగం మొహం కనిపిస్తుంది. ఇంకో బడికి మూడో శనివారం ఒంటరిగా వచ్చిన టేక్మాల్ పిల్ల వాళ్లలో ఒకరు. నాలుగో శనివారం రాలేనని శుక్రవారమే బడికి ఫోన్ చేసి చెప్పే రకం. అలాంటివాళ్లకు మనం ఇంతవరకు ఇచ్చిన బిరుదు 'లీడర్‌షిప్ క్వాలిటీస్ తక్కువ'.

ఈ ఏడు కొత్తగా పేర్లు రాయించుకోబోయే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక విన్నపం. ఎనిమిది క్లబ్బుల్లో ఉండొద్దు, ఒక్కదాంట్లో ఉండండి. రాలేకపోతే సార్‌కు కాదు, అక్కడ ఎదురుచూసే వాళ్లకు ముందురోజే చెప్పండి. రక్తదాతల జాబితాలో మీ నంబరు మారిపోయి ఉంటే, ఇవ్వడానికి మనసు లేకుంటే, ఇవ్వాళే వెళ్లి మీ పేరు కొట్టేయించండి. రాత్రి పన్నెండింటికి వరండాలో నిలబడ్డవాళ్లు వేరే నంబరుకు ఫోన్ చేసుకుంటారు.